పట్టుదారం కరగలేదు, ఫ్యాక్టరీ దారం కరిగింది!



మీ సైన్సు నోటుపుస్తకంలో రెండు గడుల పట్టిక ఒకటి ఉండే ఉంటుంది. మొదటి గడి 'కుళ్ళి మట్టిలో కలిసిపోయేవి'. రెండో గడి 'కలిసిపోనివి'. అరటితొక్క, కాగితం, నూలుగుడ్డ, పట్టు, కట్టెముక్క మొదటి గడిలో రాస్తారు. పాలిథీన్ సంచి, నైలాన్ తాడు, గాజుసీసా రెండో గడిలో రాస్తారు. పరీక్షలో అడిగితే మార్కులు ఖాయం. పాతికేళ్ళకు పైగా ఈ పట్టికను నేనే నల్లబల్ల మీద గీసి పిల్లలచేత ఎక్కించాను. చివర్లో ఒక వాక్యం కూడా చెప్పేవాణ్ణి. "ప్రకృతి ఇచ్చినది ప్రకృతిలో కలుస్తుంది, మనిషి చేసినది కలవదు" అని. వినటానికి చాలా బాగుంటుంది ఆ వాక్యం. కానీ అది తప్పు.

తప్పు అని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి కాలు చెప్పింది.

మాది రొళ్ల. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. మా వైపు, అంటే మడకశిర, హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో, మల్బరీ తోటలూ పట్టుపురుగుల షెడ్లూ కొత్తవేం కావు. బడికి వచ్చే పిల్లల్లో కొందరు తెల్లవారకముందే లేచి పురుగులకు ఆకు వేసి వస్తారు. గూళ్ళు కట్టాక వాటిని హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతారు. నేను చెప్పే అబ్బాయి అలాంటి ఇంటివాడే. కొన్నేళ్ళ క్రితం మల్బరీ కొమ్మలు కోస్తూ ఉంటే కొడవలి జారి పిక్క మీద తెగింది. ఆసుపత్రిలో నల్లదారంతో ఆరు కుట్లు వేసి, పదిరోజుల తరువాత వచ్చి తీయించుకోమన్నారు.

నెల దాటాక ఒకరోజు వాడు కుంటుకుంటూ బడికి వచ్చాడు. ప్యాంటు పైకి లాగి చూస్తే కుట్ల చుట్టూ ఎర్రగా వాచి ఉంది. రెండుచోట్ల చీము పట్టింది. "కుట్లు ఎందుకు తీయించుకోలేదురా?" అని గట్టిగా కోప్పడ్డాను. వాడు నా ముఖంలోకి చూసి ఏమన్నాడో తెలుసా?

"అది పట్టుదారమని కుట్లేసేటప్పుడు వాళ్ళు అనుకుంటా ఉంటే విన్నా సార్. పట్టు ప్రకృతిది గదా, దానంతటదే కలిసిపోతాదని మీరే చెప్పినారు."

నా దగ్గర జవాబు లేదు. వాణ్ణి బండి మీద ఎక్కించుకొని డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. కుట్లు తీసి, పుండు కడిగి, మందులిచ్చారు. రెండు వారాల్లో తగ్గింది. మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని వాడు ఇంకో ప్రశ్న వేశాడు. "మా అక్కకు కడుపు కోసి బిడ్డను తీసినారు సార్. లోపలి కుట్లు వాటికవే కరిగిపోతాయి, తీయాల్సిన పని లేదన్నారు. అవెట్లా కరిగినాయి? నావెందుకు కరగలేదు?"

ఆ లోపలి దారం ఏదో తెలుసుకొని వాడికి చెప్పటానికి నాకు వారం పట్టింది. అది చెట్టుది కాదు, పురుగుది కాదు, గొర్రెది కాదు. మొదటినుంచి చివరివరకూ ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్ దారం. మన పట్టిక ప్రకారం రెండో గడిలో ఉండవలసిన వస్తువు! ప్రకృతి ఇచ్చిన పట్టు కాలిలో నెలైనా చెక్కుచెదరలేదు. మనిషి చేసిన దారం కడుపులో కరిగిపోయింది. నా వాక్యం తలకిందులైంది.

గొర్రె పేగు దారం

అసలు కరిగే దారం ఎందుకు కావాలి? చర్మం మీది కుట్టును కత్తెరతో కత్తిరించి లాగేయవచ్చు. పేగుకు వేసిన కుట్టును తీయాలంటే మళ్ళీ పొట్ట కోయాలి. ఈ చిక్కు చాలా పాతది. సుశ్రుత సంహితలో పేగు తెగినచోట రెండు అంచులనూ దగ్గరకు చేర్చి నల్లచీమలచేత కరిపించి, చీమల ఒళ్ళు తుంచేసి, తలలను అలాగే ఉంచి పేగును లోపలికి పెట్టే పద్ధతి ఉన్నది. చదవటానికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, 'లోపల పెట్టినదాన్ని మళ్ళీ తీయలేం' అన్న ఆలోచన అందులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి.

తరువాత శతాబ్దాల తరబడి లోపలి కుట్లకు వాడింది 'క్యాట్‌గట్' అనే దారం. పేరులో క్యాట్ ఉంది కదా అని పిల్లి పేగు అనుకోకండి. అది ఎక్కువగా గొర్రె పేగు. మా పల్లెల్లో గొర్రెల మందలకు కొదవలేదు కాబట్టి ఈ మాట చెప్పినప్పుడల్లా మా తరగతి పిల్లలు సంతోషిస్తారు. గొర్రె పేగులోని ఒక పొరను శుభ్రం చేసి, సన్నని పేలికలుగా చీల్చి, పురిపెట్టి ఆరబెడితే దారం తయారవుతుంది. ఇది కొల్లాజన్ అనే మాంసకృత్తి. మాంసం తిన్నప్పుడు కడుపు దాన్ని అరిగించుకున్నట్టే, పుండు చుట్టూ చేరే కణాలు తమ ఎంజైములతో ఈ దారాన్ని అరిగించేస్తాయి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ ఈ దారాన్ని క్రిములు లేకుండా చేయటానికీ, మరికొన్ని రోజులు ఎక్కువ నిలిచేట్టు క్రోమియం లవణాలలో నానబెట్టటానికీ చాలా శ్రమించాడు. తోలు పదును చేయటం లాంటి పనే అది.

అయితే ఒక ఇబ్బంది. ఎంజైముల పని అందరిలో ఒకేలా ఉండదు. చీముపట్టిన పుండులో దారం తొందరగా అరిగిపోతుంది. సరిగ్గా ఎక్కడ కుట్టు గట్టిగా నిలవాలో అక్కడే అది ముందుగా తెగుతుంది! పైగా అది జంతువు శరీరంలోంచి వచ్చిన వస్తువు. ఐరోపాలో 'పిచ్చి ఆవు వ్యాధి' భయం పుట్టాక, ఈ శతాబ్దం మొదట్లో, అక్కడి దేశాలు క్యాట్‌గట్ వాడకాన్ని నిలిపివేశాయి.

పనికిరానిదే పనికొచ్చింది

1930ల్లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చిన్న అణువులను గొలుసులుగా కలిపి బట్టలకు పనికివచ్చే దారాలు చేయాలని ప్రయత్నిస్తున్నాడు. ఎస్టరు బంధాలతో కలిపిన మొదటి గొలుసులు ఆయన్ని నిరాశపరిచాయి. అవి తక్కువ వేడికే కరిగేవి, నీటికి తట్టుకునేవి కావు. ఉతికితే పాడయ్యే చొక్కా ఎవరికి కావాలి? ఆయన ఆ దారి విడిచి ఎమైడు బంధాల వైపు తిరిగాడు. 1935లో నైలాన్ పుట్టింది.

నీటికి తెగిపోయే ఆ ఎస్టరు గొలుసులనే చూసి, మరి కొందరికి వేరే ఆలోచన వచ్చింది. మన శరీరం నిండా ఉన్నది నీరే గదా! నీటికి మెల్లగా తెగే దారం అయితే, లోపల పెట్టి మరచిపోవచ్చు. అమెరికన్ సైనమిడ్ అనే కంపెనీలో ష్మిట్, పోలిస్టినా అనే ఇద్దరు గ్లైకోలిక్ ఆమ్లపు పాలిమర్‌తో శస్త్రచికిత్స దారానికి 1967లో పేటెంటు పొందారు. 1970 ప్రాంతంలో అది 'డెక్సాన్' పేరుతో ఆసుపత్రులకు వచ్చింది. 1974లో 'విక్రిల్' అనే దారం వచ్చింది. నేడు మన ఊళ్ళల్లో ఆపరేషన్ చేయించుకొని 'లోపలి కుట్లు కరిగిపోతాయి' అని చెప్పించుకున్నవాళ్ళలో చాలామందికి ఈ జాతి దారాలే వేసి ఉంటారు.

ఒక చిన్నమాట. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940 నుంచి 1948లో మరణించేవరకు పరిశోధన సాగించిన లెడర్లీ ప్రయోగశాలలు కూడా ఈ అమెరికన్ సైనమిడ్ కంపెనీలో భాగమే. ఈ దారం ఆయన చేసినది కాదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు వచ్చింది. అయినా ఆయన పనిచేసిన కంపెనీ పేరు ఇక్కడ ఎదురైతే చెప్పకుండా దాటిపోవటం తెలుగు మాస్టారికి సాధ్యమా?

ఒక కొక్కెం తేడా

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పదో తరగతివాళ్ళు కాస్త శ్రద్ధగా చదవండి. ఎనిమిది, తొమ్మిది వాళ్ళు బొమ్మ గీసుకుంటూ చదవండి.

పట్టు గూటిని సబ్బు, సోడా వేసిన నీళ్ళలో మరిగిస్తే పైన ఉన్న సెరిసిన్ అనే జిగురు పోతుంది. గూడు బరువులో సుమారు నాలుగోవంతు ఈ జిగురే. మిగిలిన దారం ఫైబ్రోయిన్ అనే మాంసకృత్తి. ఆసుపత్రి పట్టుదారానికైనా, ధర్మవరం చీరకైనా ఆధారం ఇదే. దీన్ని విడదీసి చూస్తే నూటికి 45 దాకా గ్లైసిన్, 30 దాకా ఎలనిన్ అనే ఎమైనో ఆమ్లాలు కనిపిస్తాయి. అంటే పట్టులో ముప్పాతిక భాగం ఈ రెండే!

ఇక విక్రిల్ దారాన్ని విడదీసి చూద్దాం. అందులో పదింట తొమ్మిది పాళ్ళు గ్లైకోలిక్ ఆమ్లం, ఒక పాలు లాక్టిక్ ఆమ్లం. చెరుకురసంలో కొద్దిగా ఉండేది గ్లైకోలిక్ ఆమ్లం. పెరుగుకు పులుపునిచ్చేది లాక్టిక్ ఆమ్లం.

గ్లైసిన్ బొమ్మను, గ్లైకోలిక్ ఆమ్లం బొమ్మను పక్కపక్కన గీయండి. రెండింటిలోనూ రెండు కార్బన్లు. రెండింటికీ ఒక చివర కార్బాక్సిల్ సమూహం. రెండో చివర గ్లైసిన్‌కు నైట్రోజన్ ఉన్న ఎమైనో సమూహం, గ్లైకోలిక్ ఆమ్లానికి ఆక్సిజన్ ఉన్న హైడ్రాక్సిల్ సమూహం. అంతే తేడా! ఎలనిన్‌కూ లాక్టిక్ ఆమ్లానికీ మధ్య కూడా సరిగ్గా ఇదే తేడా. మొదటిసారి ఈ బొమ్మలు గీసినప్పుడు నేను చాక్‌పీసు కింద పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. పురుగు నోటినుంచి వచ్చే దారమూ, ఫ్యాక్టరీ యంత్రం నుంచి వచ్చే దారమూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

రైలు పెట్టెలు ఒకేలా ఉన్నా వాటిని కలిపే కొక్కేలు వేరుగా ఉండవచ్చు గదా! పట్టులో అణువులను కలిపే కొక్కెం పెప్టైడు బంధం. అందులో నైట్రోజన్ ఉంటుంది. ఎంజైము సహాయం లేకుండా వట్టి నీరు దాన్ని తెంచాలంటే వందల సంవత్సరాలు పడుతుంది. విక్రిల్‌లోని కొక్కెం ఎస్టరు బంధం. అందులో నైట్రోజన్ స్థానంలో ఆక్సిజన్ ఉంటుంది. మన ఒంటి వేడిలో నీరే దాన్ని వారాల్లో తెంచేస్తుంది. దీన్నే జలవిశ్లేషణ అంటాం.

అయితే పట్టును తెంచటానికి శరీరంలో ఎంజైములు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి. కానీ పట్టులోని గొలుసులు తమలపాకుల కట్టలో ఆకుల్లా ఒకదాని మీద ఒకటి దగ్గరగా అతుక్కొని ఉంటాయి. ఎంజైము దూరటానికి సందు దొరకదు. అందుకే మీ అవ్వ పెట్టెలోని పెళ్ళిచీర ఇన్నేళ్ళయినా చివకకుండా ఉన్నది.

ఇంకొకటి. పురుగు దారం చాలా సన్నం కాబట్టి ఎన్నో పోగులను జడలా అల్లి కుట్టుదారం చేస్తారు. ఆ పోగుల సందుల్లో బాక్టీరియా చేరితే వాటిని పట్టుకోవటం కష్టం. చర్మం బయటినుంచి లోపలికి అదొక వంతెన అవుతుంది. మా అబ్బాయి కాలిలో జరిగింది ఇదే. పది రోజుల్లో తీసేసి ఉంటే పట్టు మంచి దారమే. ముడి జారదు, చేతికి మెత్తగా ఉంటుంది. డాక్టర్లు దాన్ని మెచ్చుకునేది అందుకే. తప్పు పట్టుది కాదు, నా పట్టికది.

ఇక్కడ నన్ను నేను మరొకసారి దిద్దుకోవాలి. 'పట్టుదారం కరగలేదు' అని ఈ వ్యాసానికి పేరు పెట్టాను. నిజానికి అదీ సగం మాటే! శరీరం లోపల పట్టు కూడా మెల్లగా బలహీనపడుతుంది. ఏడాదికి దాని బలం చాలావరకు పోతుంది. రెండేళ్ళకు వెతికినా సరిగా కనపడదు. రెండు నెలల లోపల లాగుడుకు ఆగే బలం పోగొట్టుకున్న దారాన్ని మాత్రమే వైద్యులు 'కరిగేది' అనటం ఆనవాయితీ. ఆ లెక్కలో పట్టు 'కరగనిది'. అంటే కరిగేదా కరగనిదా అన్నది వస్తువులో రాసిపెట్టి ఉన్న గుణం కాదు. మనకు ఎన్ని రోజుల పని ఉంది అన్నదాన్ని బట్టి మనం గీసుకున్న గీత.

రోజుల లెక్క

మంచి దారం అంటే తొందరగా కరిగేది అనుకోకండి. పుండు మానేదాకా నిలబడి, మానాక తొలగిపోవాలి. విక్రిల్ రెండు వారాలకు తన బలంలో నూటికి 75 పాళ్ళు నిలుపుకుంటుంది. మూడు వారాలకు సగం. నాలుగు వారాలకు పాతిక. మొత్తం దారం మాయం కావటానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. కడుపు గోడ కండరాల మీది గట్టిపొర మానటానికి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. అక్కడికి పాలీడయాక్సనోన్ అనే మరో దారం ఉన్నది. అది ఆరువారాల దాకా బలంగా ఉండి, ఆరేడు నెలలకు పోతుంది. ఏ కణజాలానికి ఎన్ని రోజులు అన్నది చూసి దారం ఎంచుకోవటం సర్జన్ల నేర్పు.

తెగిన ముక్కలు ఏమవుతాయి? గ్లైకోలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం. మీరు ఆటల్లో పరుగెత్తినప్పుడు మీ కండరాల్లో లాక్టిక్ ఆమ్లం తయారవుతూనే ఉంటుంది. దాన్ని ఏం చేయాలో శరీరానికి ముందే తెలుసు. కొంత మూత్రంలో పోతుంది, మిగిలినది చివరకు నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారి ఊపిరిలో పోతుంది. కుట్టుదారాన్ని ఊపిరితో బయటికి వదిలేస్తున్నామన్నమాట!

ఈ దారాలను గాలి చొరని అల్యూమినియం రేకు పొట్లాల్లో అమ్మటం చూశారా? గాలిలోని తేమ తగిలితే కరగటం అక్కడే మొదలవుతుంది. పట్టుదారాన్ని ఆవిరితో క్రిమిరహితం చేయవచ్చు. విక్రిల్‌ను ఆవిరిలో పెడితే చెడిపోతుంది. అందుకని దానికి ఒక వాయువుతో శుద్ధి చేస్తారు. ఇదే దారాన్ని చర్మం మీద వేస్తే, గాలిలో పొడిగా ఉన్న పైముక్క కరగదు. లోపలిది కరిగాక రాలిపోవాలి, లేదా కత్తిరించాలి. ఒకే దారం, ఒకే ముడి. చర్మానికి ఇటువైపు ఒక కథ, అటువైపు ఒక కథ.

కరగటమే గొప్పా?

కొత్త సంగతి తెలిసిన ఉత్సాహంలో ఇక అన్నీ కరిగేవే చేయాలి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆగి చూద్దాం.

గుండె రక్తనాళం పూడుకుపోతే లోపల స్టెంటు అనే సన్నని జాలిగొట్టం పెట్టి తెరిచి ఉంచుతారు. 1990ల్లో విదేశీ స్టెంట్ల ధర మన పేదవాళ్ళకు అందేది కాదు. అప్పుడు హైదరాబాదులో అబ్దుల్ కలాం గారు, హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు గారు కలిసి తక్కువ ధరలో ఒక స్టెంటు చేయించారు. అదే కలాం–రాజు స్టెంటు. అది లోహం. పెట్టిన తరువాత జీవితాంతం అక్కడే ఉంటుంది. నాళం కోలుకున్నాక లోహం ఎందుకు, కరిగిపోతే మేలు గదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. లాక్టిక్ ఆమ్లపు పాలిమర్‌తో సుమారు మూడేళ్ళలో కరిగే స్టెంటు ఒకటి తయారైంది. 2016 జులైలో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి కూడా ఇచ్చింది. 2017 సెప్టెంబరులో కంపెనీ దాని అమ్మకం ఆపేసింది. ఎందుకు? లోహమంత బలం రావటానికి పాలిమర్ తీగలను మందంగా, అంటే ఒక మిల్లీమీటరులో ఏడోవంతు దాకా చేయవలసి వచ్చింది. అప్పటి లోహపు స్టెంట్ల తీగలు అందులో సగమే. మందమైన తీగల దగ్గర రక్తం గడ్డకట్టిన కేసులు లోహపు స్టెంట్లలో కంటే ఎక్కువ వచ్చాయి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2024 ఏప్రిల్‌లో అదే తరహా కరిగే స్టెంటుకు అమెరికాలో మళ్ళీ అనుమతి వచ్చింది. ఈసారి గుండెకు కాదు, మోకాలి కింది రక్తనాళాలకు. ఒక చోట ఓడిన వస్తువే మరో చోట పనికివచ్చింది.

కరగకూడని సందర్భాలూ ఉన్నాయి. హెర్నియాకు లోపల పెట్టే వల మన ప్లాస్టిక్ కుర్చీల జాతికి చెందిన పాలీప్రొపిలీన్. అది ఎప్పటికీ ఉండాలి. కొత్త గుండె కవాటాన్ని బిగించే కుట్లు కరిగితే మనిషి బతకడు.

ఇదే లాక్టిక్ ఆమ్లపు పాలిమర్‌తో సంచులు, కప్పులు కూడా చేస్తున్నారు. 2022 జులై 1 నుంచి మనదేశంలో కొన్నిరకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించాక 'మట్టిలో కలిసేది' అని ముద్రవేసిన సంచులు బజారులో ఎక్కువయ్యాయి. ఆ సంచి కుళ్ళటానికి తేమా, సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడీ ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాలు కావాలి. మా రొళ్ల బీడులో ముళ్ళకంపకు తగులుకున్న సంచికి ఆ వేడి ఎక్కడిది, ఆ తడి ఎక్కడిది? ఏళ్ళ తరబడి అలాగే రెపరెపలాడుతుంది. ముద్ర చూసి పారేసినవాడు మాత్రం మంచిపని చేశాననుకుంటాడు. మా అబ్బాయి పట్టుకుట్టును వదిలేసినట్టే ఇదీ.

నా అభిప్రాయం

అందుకని తోటి ఉపాధ్యాయులనూ ప్రశ్నపత్రాలు రాసేవారినీ ఒకటి అడుగుతున్నాను. ఈ రెండు గడుల పట్టికను ఎత్తేయండి. 'చిన్నపిల్లలకు ఇంత వివరం ఎందుకండీ, ముందు సులభంగా చెప్పాలి గదా' అని మా స్టాఫు రూములో ఒక మిత్రుడు వాదించాడు. సులభంగా చెప్పాల్సిందే. నేనూ ఒప్పుకుంటాను. కానీ పురుగులకు ఆకు వేసే పిల్లవాడికి 'ఎన్నో రోజున ఏ ఆకు, ఎంత' అన్నది బాగా తెలుసు. వాడికి 'ఎక్కడ, ఎన్నిరోజుల్లో, ఏముగా మారుతుంది' అన్న మూడు ప్రశ్నలు కష్టమా? మూడు గడులు గీస్తే చాలు. కాగితానికి ఎండిన అటకమీద ఒక జవాబు, తడిమట్టిలో ఒక జవాబు రాస్తారు. రెండు జవాబులకూ మార్కులివ్వాలి. పట్టును 'కలవనిది' అని రాసిన పిల్లవాణ్ణి నేను ఇప్పుడు తప్పు కొట్టను. ఎందుకు అలా రాశావని అడుగుతాను. కారణం చెబితే మార్కు వేస్తాను.

ఇక మీ ఇంట్లో ఎవరికైనా కుట్లు పడితే, దారం పట్టా ప్లాస్టిక్కా అని మీరే ఊహించి తీర్మానించకండి. ఇవి తీయాల్సిన కుట్లా, తీయనక్కరలేనివా? తీయాల్సినవైతే ఎన్నో రోజున? ఈ రెండూ డాక్టరునో నర్సునో అడిగి, చీటీ మీద తేదీ రాయించుకోండి. మామూలుగా ముఖం మీది కుట్లు ఐదు రోజుల ప్రాంతంలో, తల మీదివి వారం నుంచి పదిరోజుల్లో, కాళ్ళు చేతుల మీదివి పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. మీ పుండుకు ఏ రోజు అన్నది మాత్రం దాన్ని చూసినవారే చెప్పాలి. ఆ తేదీన పరీక్ష ఉన్నా, పొలంలో పని ఉన్నా వెళ్ళండి.

చివరగా ఒక పని. నూలుదారం, జిగురు తీసిన పట్టుదారం, చేపలు పట్టే నైలాన్ దారం ఒక్కొక్కటి జానెడు ముక్కలుగా ఓ ఇరవై చొప్పున కత్తిరించండి. మూడు పాతకుండల్లో తోట మట్టి నింపి ఒక్కో కుండలో ఒక్కోరకం పాతిపెట్టి, తడి ఆరకుండా చూడండి. వారానికి రెండేసి ముక్కలు తీసి కడిగి ఆరబెట్టి, చివర చిన్న డబ్బా కట్టి, తెగేదాకా అందులో ఇసుక పోయండి. తెగినప్పుడు ఇసుక ఎంత బరువుందో తూచి రాసుకోండి. మా బడిలో నూలుదారం రెండో నెల నిండకముందే డబ్బా కట్టబోతుంటేనే తెగింది. నైలాన్‌లో ఏ మార్పూ లేదు. పట్టుకుండను ఇంకా తవ్వుతూనే ఉన్నాం. మా ఎర్రమట్టి వేరు, కోనసీమ నల్లమట్టి వేరు, మీ ఊరి మట్టి వేరు. మీ కుండలో ఎన్నిరోజులు పట్టిందో మట్టిరంగుతో సహా రాసి పత్రికకు పంపండి.